చిన్న విమానం కాళ్లు ఊడిపోతున్నాయా? ల్యాండింగ్ గేర్ పట్టును మళ్లీ గట్టిగా కట్టడం ఎలా

బరంపురం నుంచి, పర్లాకిమిడి నుంచి, గుణుపురం హాస్టళ్ల నుంచి నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదొక్కటే. "అన్నా, విమానం బాగానే ఎగురుతోంది. దిగేటప్పుడు కాళ్లు ఊడొచ్చేస్తున్నాయి. అంటించిన ప్రతిసారీ ముందుకన్నా పెద్ద ముక్కతో ఊడొస్తున్నాయి."

ఆ చివరి మాటలోనే రోగం ఉంది. మొదటిసారి గేర్ ప్లేటు, అంటే కాళ్లు బిగించే చెక్క పలక, ఒక్కటే ఊడింది. దాన్ని గట్టిగా అంటించారు. రెండోసారి ప్లేటుతో పాటు పక్కనున్న బాల్సా (చాలా తేలికైన మెత్త కర్ర) షీటు చిరిగింది. దాన్నీ అతికించారు. మూడోసారి విమానం పొట్టే తెరుచుకుంది. ప్లేటును గట్టి చేశారు కానీ అది పట్టుకుని ఉన్న కర్ర పాత మెత్త కర్రే. అందుకే ఈ పని రెండు భాగాలు. దెబ్బ ఒకచోట ఆగకుండా బాడీ అంతా పంచుకునేలా కట్టాలి. ఆపైన, మితిమీరిన దెబ్బ తగిలితే ముందుగా విరగడానికి ఒక చవక వస్తువును మనమే పెట్టాలి. రెండోది చేయకుండా మొదటిది ఎంత బాగా చేసినా లాభం లేదు.

ఇది బాల్సా, ప్లైవుడ్‌తో ఇంట్లో కట్టుకున్న, సుమారు 1.5 నుంచి 4 కిలోల రిమోట్ కంట్రోల్ విమానాలకు. సన్‌బోర్డు (ఫోమ్ షీటు) విమానాల సంగతి చివర్లో చెప్పాను. మనిషి ఎక్కే విమానానికి దీన్ని దయచేసి వాడకండి. ఆ కాళ్ల పని లైసెన్సున్న ఇంజినీరు చేతుల మీదుగా జరగాలి. ఇక్కడ చెప్పే జిగుర్లు, నైలాన్ బోల్టులు అక్కడ పనికిరావు.

ఎందుకు ఊడుతుంది

థియరీ ఇంతే. మనకు సిమెంటు రన్‌వే లేదు. వరి కోసిన మడిలోనో, స్కూలు గ్రౌండులోనో దించుతాం. చక్రం మోడుకో గట్టుకో తగలగానే కాలు వెనక్కి తోసుకుపోతుంది. కాలి పొడవు 15 సెం.మీ., ముందు వెనక బోల్టుల మధ్య దూరం 3 సెం.మీ. అనుకోండి. చక్రం దగ్గర పడ్డ తోపు ముందు బోల్టు దగ్గరికి వచ్చేసరికి అయిదింతల లాగుడు అవుతుంది. పైనుంచి పడ్డ దెబ్బకన్నా ఈ వెనక్కి లాగే దెబ్బే ప్లేటును పెరుకుతుంది. ఊడిన మీ ప్లేటును ఒకసారి చూడండి, ముందు అంచే ఎక్కువగా చీలి ఉంటుంది.

కావలసినవి

- 6 మి.మీ. ప్లైవుడ్. ఏరోమోడలింగ్ బిర్చ్ ప్లై దొరికితే మేలు. లేకపోతే హార్డ్‌వేర్ షాపులో ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై అడగండి. అంచు చూసి కొనండి, పొరల మధ్య ఖాళీలుంటే వద్దు.
- పక్కలకు 1.5 మి.మీ. ప్లై, మూలలకు ముక్కోణం బాల్సా కర్ర
- నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ. రాత్రి పెడితే తెల్లారేసరికి గట్టిపడే మామూలు ఆరల్డైట్ సరిపోతుంది.
- సన్నని ఫైబర్ గ్లాస్ గుడ్డ, చదరపు మీటరుకు 50 గ్రాములు తూగే రకం
- నైలాన్ బోల్టులు, వాటికి సరిపడే టీ-నట్లు (కర్రలో దిగబడే పళ్లున్న నట్లు). 2 కిలోల లోపు విమానానికి ఎం4 రెండు, అంతకు పైన ఎం5 రెండు, ఇది నా అలవాటు. టీ-నట్లు బిగించడానికి అదే సైజు స్టీలు బోల్టు ఒకటి, పెద్ద వాషర్ ఒకటి.
- 80, 120 నంబర్ గరుకు కాగితం, హ్యాక్‌సా బ్లేడు ముక్క, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, గ్లవ్స్, మాస్కు
- బట్టల క్లిప్పులు, పాత సైకిల్ ట్యూబు. ట్యూబును వేలెడు వెడల్పు పట్టీలుగా కోసుకోండి. వంకర బాడీకి చుట్టి బిగించడానికి దీన్ని మించిన క్లాంపు నాకు దొరకలేదు.
- సామాను తూచే చేతి స్ప్రింగ్ తూకం. ఇది తప్పనిసరి, పనయ్యాక పరీక్షకు కావాలి.

పని

1. ముందు ప్రొపెల్లర్ తీయండి, బ్యాటరీ తీయండి. గట్టి ల్యాండింగ్‌లో లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీకి దెబ్బ తగిలి ఉండొచ్చు. ఉబ్బినా, మూల నొక్కుకుపోయినా దాన్ని ఇంట్లో ఉంచకండి, మళ్లీ చార్జింగ్ పెట్టకండి.

2. విప్పే ముందే కొలతలు గీసుకోండి. ఇరుసు ఎక్కడుందో బాడీ మీద పెన్నుతో గుర్తు పెట్టండి. తోక చక్రం ఉన్న విమానానికి ఇరుసు దాదాపు రెక్క ముందు అంచుకు సూటిగా కింద ఉంటుంది. ముక్కు చక్రం ఉన్నదానికి వెనక చక్రాలు సీజీకి (విమానం బరువు సమంగా తూగే చోటుకు) కొంచెం వెనగ్గా ఉంటాయి. కొత్త ప్లేటు పెట్టేటప్పుడు తెలియకుండానే ఒక సెంటీమీటరు వెనక్కి జరిపేస్తారు. తోక చక్రం విమానమైతే ఆ తర్వాత దిగిన ప్రతిసారీ ముక్కు నేలకు గుద్దుకుంటుంది.

3. బాడీ మీద అంటించిన ప్లాస్టిక్ కవరింగ్ ఫిల్మును గోరువెచ్చని ఇస్త్రీతో వదులు చేసి, విరిగిన చోటికి అన్ని వైపులా కనీసం 5 సెం.మీ. అవతలి దాకా ఒలిచేయండి. కవరింగ్ పాడవుతుందని ఇక్కడ పిసినారితనం చేయకండి. పగులు ఎంత దూరం పోయిందో ఫిల్ము కింద కనిపించదు. గది చీకటి చేసి, బాడీ లోపల మొబైల్ టార్చి పెట్టి బయటి నుంచి చూడండి. పగులున్న చోట వెలుతురు వెంట్రుకంత గీతలా కనిపిస్తుంది. తర్వాత బొటనవేలితో అంగుళం అంగుళం నొక్కుతూ పోండి. 'కిర్' మన్న చోటల్లా జిగురు వదిలేసినట్టే. రెండింటికీ పెన్సిల్ గుర్తు పెట్టండి. విరిగింది ప్లేటు దగ్గరే అయినా, జిగురు వదలడం ఫైర్‌వాల్ (ముక్కు దగ్గర ఇంజినో మోటారో బిగించే అడ్డపలక) దాకా ఉండటం నేను చాలాసార్లు చూశాను.

4. ఇంజిన్ విమానమైతే నూనె తీయాలి. ఎక్కువ రిపేర్లు చెడేది ఈ మెట్టు దగ్గరే. చిన్న మోడల్ ఇంజిన్లలో పోసే గ్లో ఇంధనంలోని నూనె కర్రలోకి ఇంకిపోతుంది. నూనె పట్టిన కర్రను ఏ జిగురూ పట్టుకోదు. నా మొదటి విమానానికి 5 నిమిషాల ఎపాక్సీ పెట్టి మర్నాడే ఎగరేశాను. రెండో ల్యాండింగ్‌కే ప్లేటు ఊడి చేతిలోకి వచ్చింది. జిగురు ముక్క అద్దంలా నున్నగా ఉంది, దానికి ఒక్క కర్ర నార కూడా అంటుకోలేదు. ఆల్కహాల్‌తో తుడిచి, పైన టాల్కం పౌడరు దట్టంగా చల్లి, గంట ఆగి దులపండి. మూడు నాలుగుసార్లు చేయాలి. ఆల్కహాల్ పూర్తిగా ఆరాక కర్ర మీద పాత పేపరు ముక్క పెట్టి ఇస్త్రీతో మెల్లగా వేడి చేసి చూడండి. పేపరు మీద జిడ్డు మరక పడితే పని ఇంకా ఉందన్నమాట. మరక పడనంత వరకూ జిగురు డబ్బా తెరవకండి. ఎంతకీ వదలకపోతే ఆ ముక్కను కోసేసి కొత్త బాల్సా వేయడమే నయం.

5. మిగిలిన పాత ప్లేటును స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించకండి, బాల్సా పొరలు పొరలుగా లేచిపోతుంది. హ్యాక్‌సా బ్లేడు ముక్కకు ఒక చివర టేపు చుట్టి పిడి చేసుకుని జిగురు గీత వెంట కోయండి.

6. కొత్త ప్లేటు కోయండి. పై పొర నార బాడీకి అడ్డంగా, ఒక పక్క గోడ నుంచి రెండో పక్క గోడకు పోవాలి. పొడవు పాత దానికన్నా ఎక్కువ పెట్టండి. వీలైతే ముందు ఫైర్‌వాల్‌కో అడ్డపలకకో, వెనక ఇంకో అడ్డపలకకో ఆనేలా ఉంటే మంచిది. అలా ఆనితే దెబ్బ నేరుగా వాటికి పోతుంది. గట్టిగా ఉంటుందని 12 మి.మీ. ఫర్నిచర్ ప్లై వేసేవాళ్లున్నారు. 10 సెం.మీ. పొడవు, 8 సెం.మీ. వెడల్పున్న 6 మి.మీ. ముక్కే దాదాపు 30 గ్రాములుంటుంది. 12 మి.మీ. అంటే దానికి రెట్టింపు. మందం పెంచితే చుట్టూ కర్రకు బలం రాదు.

7. ఇప్పుడు అసలు బలం. 1.5 మి.మీ. ప్లైతో రెండు పక్క పలకలు కోసి, బాడీ గోడలకు లోపలి వైపు అంటించాలి. అవి ప్లేటు ఉన్నంత మేరే ఉంటే సరిపోదు. ఫైర్‌వాల్ నుంచి రెక్క కూర్చునే చోటు మధ్య దాకా పోవాలి. వెనక చివరను నిలువుగా కోయకండి, ఏటవాలుగానో, రంపం పళ్లలానో కోయండి. గట్టి ముక్క ఠక్కున ఆగిపోయిన గీత మీదే పక్కనున్న మెత్త కర్ర విరుగుతుంది. రిపేరు చేసిన విమానం మళ్లీ విరిగితే, పాత అతుకు పక్కనే తిన్నగా గీత గీసినట్టు విరగడానికి కారణం ఇదే. ఏటవాలు ఉంటే ఆ బలం కొంచెం కొంచెంగా తగ్గుతూ పోతుంది. బరువు తగ్గించాలంటే పలక మధ్యలో గుండ్రటి రంధ్రాలు తీయండి కానీ, ప్లేటుకు 2 సెం.మీ. దగ్గర్లో తీయకండి.

8. జిగురు పెట్టకుండా అన్నీ ఒకసారి కూర్చి చూడండి. ప్లేటు గాడిలోకి బొటనవేలి ఒత్తిడితో పోవాలి. సుత్తి కావాల్సివస్తే బిగుతు ఎక్కువైనట్టు, దానంతట అదే జారిపోతే వదులైనట్టు. రెక్క పెట్టి వెనక నుంచి చూడండి, ప్లేటు రెక్కకు సమాంతరంగా ఉండాలి. ఇక్కడ ఒక మి.మీ. తేడా ఉంటే చక్రం దగ్గర బాగా కనిపిస్తుంది.

9. అంటించే ముఖాలన్నీ 80 నంబర్ కాగితంతో గరుకు చేసి, దుమ్ము తుడిచి, ఎపాక్సీ కలపండి. రెండు ట్యూబులూ సమానంగా తీసి, రంగు ఒకేలా అయ్యేదాకా కనీసం రెండు నిమిషాలు కలపాలి. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ వేయకండి, అది ఎప్పటికీ జిగటగానే ఉండిపోతుంది. రెండు ముఖాలకూ పూసి, ట్యూబు పట్టీలతో, క్లిప్పులతో పట్టండి. అంచుల్లో సన్నని జిగురు గీత బయటికి రావాలి. జిగురంతా బయటికి వచ్చేలా మరీ బిగిస్తే మధ్యలో ఏమీ మిగలదు.

   సెమిలిగుడ, కోరాపుట్ వైపు ఉండేవాళ్లు డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఈ పని చేస్తే ఎపాక్సీ తెల్లారినా మెత్తగానే ఉంటుంది. అట్టపెట్టెలో పాతరకం 60 వాట్ల బల్బు పెట్టి, బల్బు కర్రకూ అట్టకూ తగలకుండా చూసుకుని, విమానంలో అంటించిన భాగాన్ని లోపల ఉంచండి. మీరు మెలకువగా ఉన్నంతసేపే వెలిగించండి. ఎండాకాలం దీనికి తిరగబడుతుంది, కలిపిన జిగురు చేతిలోనే గట్టిపడుతుంది. కొంచెం కొంచెం కలుపుకోండి.

10. ప్లేటు, పక్క పలక కలిసే మూలల్లో ముక్కోణం కర్ర అంటించండి. దాని మీద ఫైబర్ గుడ్డ. ఈ మెళకువ నాకు గోపాలపురం ఒడ్డున ఫైబర్ పడవలు బాగుచేసే ఒక వాడబలిజ బాబాయ్ నేర్పాడు. నేను గుడ్డను మూలలోకి నొక్కుతుంటే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "మూల మీద గుడ్డ కూకోదు బాబూ. ముందల మూలని నింపాల. లేపోతే దాని ఎనకాల గాలుండిపోద్ది, గాలున్న కాడే పగులుద్ది." ఎపాక్సీలో సన్నని రంపపు పొట్టు వేసి, దోసె పిండికన్నా చిక్కగా కలిపి, మూలలో పెట్టి, చెంచా వెనక వైపుతో ఒక్క లాగు లాగాడు. మూల పోయి నున్నటి వంపు వచ్చింది. దాని మీద గుడ్డ పడుకున్నట్టు పడుకుంది. మీరూ అలాగే చేయండి. వంపు 5 మి.మీ. చాలు. గుడ్డ ప్లేటు మీద 2 సెం.మీ., గోడ మీద 2 సెం.మీ. రావాలి. తడిపాక టిష్యూ కాగితం అద్ది మిగులు ఎపాక్సీ తీసేయండి. గుడ్డ నేత కనిపిస్తుండాలి, పైన మెరుస్తూ జిగురు నిలిచి ఉంటే అది ఉత్త బరువు.

    పడవలకు వాడే ఫైబర్ మ్యాట్, పాలిస్టర్ రెజిన్ చవకగా దొరుకుతాయని వాడొచ్చా అని అడుగుతారు. వద్దు. ఆ మ్యాట్ 300, 450 గ్రాముల రకం, మన పనికి చాలా బరువు. పాలిస్టర్ రెజిన్ కర్రను ఎపాక్సీలా పట్టుకోదు. పైగా థర్మోకోల్ తగిలితే దాన్ని కరిగించేస్తుంది. ఆరిన ఫైబర్‌ను రుద్దేటప్పుడు మాస్కు తప్పనిసరి.

11. టీ-నట్లు. ఇవి ప్లేటుకు పై వైపు, అంటే బాడీ లోపలి వైపు ఉండాలి. అప్పుడు గేర్ కిందికి లాగినకొద్దీ నట్టు కర్రలోకి దిగుతుంది. కింది నుంచి పెడితే లాగినప్పుడల్లా ఊడిపోవాలని చూస్తుంది. నట్లు ఇలా తలకిందులుగా పెట్టిన విమానాలు ఇప్పటికి ఎన్ని చూశానో. సుత్తితో కొట్టి దించకండి, కొత్త అతుకు కదులుతుంది. కింది నుంచి స్టీలు బోల్టు, పెద్ద వాషర్ వేసి మెల్లగా తిప్పితే నట్టు తనే లోపలికి వచ్చి కూర్చుంటుంది. మరలకు కొంచెం వాసెలిన్ పూసి, నట్టు అంచు చుట్టూ ఎపాక్సీ పెట్టండి. తర్వాత స్టీలు బోల్టు తీసేయడం మర్చిపోకండి.

12. గేర్ బిగించేది నైలాన్ బోల్టులతోనే. ముందుగా విరగాలని నేను చెప్పిన చవక వస్తువు ఇదే. "నైలాన్ విరుగుతోంది అన్నా, స్టీలు వేసేశాను" అని చెప్పే ప్రతి ఒక్కరూ రెండు వారాల్లో చిరిగిన పొట్టతో వస్తారు. బోల్టు విరిగితే రెండు నిమిషాల్లో మార్చుకుంటాం. పొట్ట చిరిగితే మళ్లీ మొదటి మెట్టు నుంచి రావాలి. వేళ్లతో బిగించి, పైన పావు తిప్పు చాలు. ఎండకు నైలాన్ పెళుసెక్కుతుంది కాబట్టి ఏడాదికొకసారి బాగున్నా సరే మార్చేయండి.

కాలు కూడా చూడండి

వంగిన అల్యూమినియం గేర్‌ను మళ్లీ మళ్లీ సాగదీస్తే వంపు దగ్గర సన్నని పగులు వస్తుంది. ఒకసారి సరిచేయొచ్చు, రెండోసారి కొత్తది చేయండి. పట్టీ మీద వంపు గీతను పెన్సిల్‌తో గీయండి, మేకుతో గీస్తే ఆ గీత మీదే విరుగుతుంది. వంపు గుండ్రంగా ఉండాలి, వైస్‌లో పెట్టి పదునుగా మడవకండి. పియానో వైరు (గట్టి స్ప్రింగు ఉక్కు తీగ) గేర్ అయితే మంట మీద కాల్చి వంచకండి, దాని స్ప్రింగు గుణం పోతుంది. సైకిల్ చువ్వ తోక చక్రానికి చక్కగా పనికొస్తుంది, ముందు కాళ్లకు మాత్రం చాలదు.

మోడులున్న మడిలో దించేవాళ్లు 50 మి.మీ. చక్రాలు తీసేసి 80 మి.మీ. దాకా పెంచండి. పెద్ద చక్రం గుంతలో ఇరుక్కోకుండా దాటిపోతుంది. చుట్టూ ఒక్క చదునైన గ్రౌండూ లేకపోతే కాళ్లు తీసేసి, పొట్ట కింద వెదురు బద్ద కట్టి, చేత్తో విసిరి ఎగరేయడం కూడా మంచి మార్గమే. అప్పుడు ప్రొపెల్లర్ నేలకు తగలకుండా మోటారు ఆపి దించడం ప్రాక్టీసు చేయాలి.

సరిగ్గా అయిందో లేదో ఎలా తెలుస్తుంది

జిగురు పెట్టి పూర్తిగా 24 గంటలు గడిచాకే ఇవి చేయండి. చాలామంది ఈ భాగం వదిలేసి నేరుగా గ్రౌండుకు వెళ్తారు. దయచేసి అలా వద్దు.

లాగుడు పరీక్ష: విమానాన్ని మెత్తటి గుడ్డ మీద తలకిందులుగా పెట్టి, ఒకరు బాడీని రెండు చేతులతో పట్టుకోండి. స్ప్రింగ్ తూకం కొక్కేన్ని ఇరుసుకు తగిలించి వెనక్కి లాగండి. విమానం బరువు 2.5 కిలోలైతే ఒక్కో చక్రం దగ్గర 2.5 కిలోలు చూపించే దాకా. చెవి దగ్గరగా పెట్టి వినండి. ఏ చప్పుడూ రాకూడదు. గేర్ వంగి తిరిగి రావచ్చు, ప్లేటు మాత్రం కదలకూడదు.

పడేసే పరీక్ష: రెక్క, బ్యాటరీ పెట్టి, ప్రొపెల్లర్ లేకుండా, 15 సెం.మీ. ఎత్తు నుంచి చాప మీద మూడుసార్లు వదలండి. అది సెకనుకు దాదాపు 1.7 మీటర్ల వేగంతో నేలను తాకడం, మామూలుగా మనం చేసే గట్టి ల్యాండింగ్ లాంటిదే. తర్వాత టార్చి పరీక్ష మళ్లీ చేయండి. వెంట్రుక గీత ఒక్కటి కనిపించినా ఎగరేయకండి.

తోసే పరీక్ష: సిమెంటు నేల మీద మెల్లగా తోస్తే 5 మీటర్లు తిన్నగా పోవాలి. ఒక పక్కకు లాగితే చక్రాలు చూడండి, రెండూ రవ్వంత లోపలికి చూస్తుండాలి. ఆఖరున సీజీ చూసుకోండి. బరువు ఎక్కువగా సీజీ దగ్గరే చేరింది కాబట్టి పెద్దగా మారదు కానీ, చూడకుండా మాత్రం ఎగరేయొద్దు. ఇవన్నీ అయ్యాకే కవరింగ్ వేయండి.

సన్‌బోర్డు, థర్మోకోల్ విమానాలకు

ఇక్కడ గ్లూ గన్‌ను నమ్ముకోకండి. మే నెల ఎండలో మూసిన కారులో గంట ఉంచితే ఆ జిగురు మెత్తబడి ప్లేటు జారిపోతుంది. 3 మి.మీ. ప్లై ముక్కలు రెండు తీసుకోండి. ఒకటి లోపల, ఒకటి బయట పెట్టి, మధ్యలో బోర్డును సాండ్‌విచ్‌లా పట్టి, ఎపాక్సీతో అంటించి బోల్టు వేయండి. లోపలి ముక్క అరచేతంత పెద్దదిగా ఉండాలి. థర్మోకోల్ మీద ఇన్‌స్టంట్ జిగురు వేయకండి, గుంట పడుతుంది.

గ్రౌండుకు వెళ్లే ముందు

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం సరదాకో చదువుకో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్ విమానాన్ని కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేయాలి. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాపులో మీ గ్రౌండు గ్రీన్ జోన్‌లో (మామూలుగా ముందస్తు అనుమతి అక్కర్లేని చోట) ఉందో లేదో చూసుకోండి. బరంపురం పక్కన రంగైలుండ ఎయిర్‌స్ట్రిప్ ఉంది, జయపురంలో విమానాశ్రయం ఉంది, గోపాలపురంలో సైన్యం వాళ్ల ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. ఈ మూడు చోట్లకు దగ్గర్లో ఉండేవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి.

మొదటి రోజు మూడు ల్యాండింగులు చేసి ఆపండి. రెక్క తీసి ముందు టీ-నట్టు చుట్టూ చూడండి. ఎపాక్సీలో తెల్లటి గీత కనిపిస్తే అతుకు కదలడం మొదలైంది, ఇంటికి తెచ్చి ఆ ఒక్క చోట గీకి మళ్లీ పూయండి. గీత లేకపోతే నాలుగోసారి ఎగరేయండి. టూల్ బాక్సులో నైలాన్ బోల్టులు కనీసం ఆరు ఉంచుకోండి. బోల్టు విరిగితే టీ-నట్టులో ఉండిపోయిన ముక్కను తీయడానికి, కొన వేడి చేసిన పాత స్క్రూడ్రైవర్‌ను దానికి గుచ్చి, చల్లారాక తిప్పండి, వచ్చేస్తుంది.